నాలుగు తాళాల పెట్టె

2023 ఫిబ్రవరిలో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఒక చిన్న విశ్వవిద్యాలయం తన దగ్గరున్న మూడు బొమ్మలు అమ్మి, ఆ డబ్బుతో కొత్తగా చేరే పిల్లల హాస్టళ్ళు బాగు చేయిస్తానని ప్రకటించింది. పేరు వాల్పరైజో. 1859లో పుట్టి 1925లో లూథరన్ల చేతికి వచ్చిన చదువుల చోటు. అమ్మకానికి పెట్టిన వాటిలో జార్జియా ఓకీఫ్ 1930లో వేసిన ‘రస్ట్ రెడ్ హిల్స్’ ఉంది. తక్కిన రెండూ ఫ్రెడరిక్ చర్చ్, చైల్డ్ హాసమ్ వేసిన ప్రకృతి దృశ్యాలు. మూడూ కలిపి దాదాపు రెండు కోట్ల డాలర్లు పలుకుతాయని అంచనా. ఓకీఫ్ బొమ్మని 1962లో ఆ విశ్వవిద్యాలయం ఆరు వేల డాలర్లలోపే కొంది.

గొడవ పెద్దదైంది. బొమ్మ అమ్మిన డబ్బు మళ్ళీ బొమ్మలకే ఖర్చు కావాలి తప్ప కుళాయిలకీ కిటికీలకీ కాదని మ్యూజియంల సంఘాలు మండిపడ్డాయి. అక్కడి మ్యూజియానికి ఎవరి పేరు పెట్టారో ఆ రిచర్డ్ బ్రౌవర్, తొంభై దాటిన పెద్దాయన, అదే జరిగితే గోడ మీద నా పేరు చెరిపేయండన్నాడు. వ్యవహారం కోర్టుకెక్కింది. 2024లో మ్యూజియమే మూతపడింది.

ఇందులో నన్ను పట్టి ఆపింది బొమ్మల ధర కాదు. రెండు పక్షాల వాదనా తిరిగి తిరిగి ఒకే చోట తేలుతుంది: అంతా విద్యార్థుల మేలు కోసమే. మొదటిసారి ఇల్లు వదిలి వచ్చిన పద్దెనిమిదేళ్ళ పిల్లకి చెమ్మ పట్టని గది కావాలన్నది నిజం. చదువనేది గదీ మంచమూ మాత్రమే కాదు, ఓకీఫ్ వేసిన న్యూ మెక్సికో ఎర్రకొండల ముందు కాసేపు ఒంటరిగా నిలబడే వీలు కూడా అన్నదీ నిజం. ఏది ముందన్నది నేను తేల్చలేను, తేల్చాలనీ లేదు. ఆ పిల్లకి ఏం కావాలో తేల్చే హక్కు ఎవరిదన్నదే నన్ను వదలని ప్రశ్న. సాయం పెట్టేవాడి లెక్కన నడవాలా, పుచ్చుకునేవాడి లెక్కనా? ఈ ప్రశ్న అమెరికాకి కొత్త కావచ్చునేమో గాని, లూథరన్లకి కొత్త కాదు. ఐదు వందల ఏళ్ళుగా వాళ్ళ ఇంట్లోనే ఉంది.

ఇంట్లోనే అన్నది అక్షరాలా నిజం. జర్మనీలోని విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం 1502లో మొదలైంది. లూథరన్లకి ఆ పేరు తెచ్చిన మత సంస్కర్త మార్టిన్ లూథర్ అక్కడ పంతులు. సన్యాసుల మఠం ఖాళీ అయ్యాక ఆ భవంతే ఆయనకి ఇల్లయింది. 1525 జూన్‌లో ఆయన పెళ్ళాడిన కాటరీనా ఫాన్ బోరా, మఠం నుంచి పారిపోయి వచ్చిన సన్యాసిని. ఆవిడ ఆ పాత మఠాన్ని విద్యార్థుల బస కింద మార్చేసింది. పందుల్ని మేపింది, చెరువులో చేపలు పెంచింది, బీరు కాచింది, పొలం చూసుకుంది. గదులు అద్దెకిచ్చి, భోజనం పెట్టి, డబ్బు తీసుకుంది. రాత్రి బల్ల చుట్టూ కూర్చున్న కుర్రాళ్ళు లూథర్ నోటి నుంచి రాలిన ప్రతి మాటా రాసుకున్నారు. ఆయన పోయాక ఇరవై ఏళ్ళకి, 1566లో, అది పెద్ద పుస్తకమై అచ్చయింది. వండి వడ్డించినావిడ ఏమనుకుందో రాసుకున్న కుర్రాళ్ళు తక్కువ.

మనకిది వింతగా తోచదు. టంగుటూరి ప్రకాశం చదువు ఒంగోలులో ఆయన తల్లి సుబ్బమ్మ నడిపిన పూటకూళ్ళింటి పొయ్యి మీద ఉడికింది. ఆవిడ కూడా డబ్బు తీసుకునే అన్నం పెట్టింది. ఆ డబ్బు తీసుకోవడం వల్ల ఆ అన్నంలో వాత్సల్యం తగ్గిందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఈ మాట ఎందుకంటున్నానంటే, ఇవాళ చిన్న అమెరికన్ కాలేజీల్లో విద్యార్థి సహాయ విభాగాల మీద పెద్ద ఆరోపణ ఒకటుంది: ఇదంతా ప్రేమ కాదు, ఫీజు. మొదటి ఏడాదే ఒక పిల్లాడు మానేస్తే మిగతా మూడేళ్ళ ఫీజూ పోతుంది. కాబట్టి ట్యూటర్నీ కౌన్సెలర్నీ పెట్టి, వాడు జారిపోకుండా పట్టుకుంటారు. ఆరోపణ అబద్ధం కాదు. ప్రైవేటు కాలేజీలు తాము చెప్పుకునే ఫీజులో సగానికి పైగా రాయితీల రూపంలో వదులుకుని మరీ పిల్లల్ని చేర్చుకుంటున్న రోజులివి. ఒక్కో పిల్ల చేజారడం లెక్కల పుస్తకంలో గాయమే. అయితే ఏం? స్వార్థం కలిసినంత మాత్రాన సాయం సాయం కాకుండా పోతే, కాటరీనా బల్లా సుబ్బమ్మ పొయ్యీ రెండూ దుకాణాలే అవుతాయి. శుద్ధమైన ఉద్దేశం కోసం వెతికేవాడు సాధారణంగా ఆకలి లేనివాడై ఉంటాడు.

కాని ఆరోపణలో మరో సగం ఉంది, సాయం చేసేవాళ్ళని ఎవరు చూసుకుంటారన్నది. దాన్ని అంత తేలిగ్గా తోసేయలేం. 1527లో విట్టెన్‌బర్గ్‌కి ప్లేగు వచ్చింది. విశ్వవిద్యాలయాన్ని యేనా నగరానికి తరలించారు. లూథర్ కదల్లేదు. ఆ ఇల్లే ఆసుపత్రయింది. కాటరీనా అప్పుడు నిండు గర్భిణి, అయినా రోగుల్ని చూసుకుంది. లూథర్ 1546లో పోయాక, తన ఆస్తి భార్యకే చెందాలని ఆయన రాసిన వీలునామాని అక్కడి చట్టం ఖాతరు చేయలేదు. యుద్ధం వచ్చి పొలాలు పాడయ్యాయి. ఆవిడ మళ్ళీ కుర్రాళ్ళకి గదులిచ్చుకుని బతికింది. 1552లో ప్లేగుకి భయపడి టోర్గావుకి పోతుండగా బండి ప్రమాదంలో దెబ్బతిని, అక్కడే కన్నుమూసింది. ఊళ్ళో విద్యార్థుల్ని సాకిన మనిషికి తన వంతు సాయం అందలేదు. ఇవాళ కౌన్సెలింగు గదిలో రోజంతా ఇతరుల దుఃఖం వినే ఉద్యోగిని గురించి ఎవరైనా రాస్తే, కాటరీనాతో మొదలుపెట్టాలి.

ఇక పెట్టె సంగతి. 1523లో జర్మనీలో లైస్నిగ్ అనే చిన్న ఊరు, లూథర్ సలహాతో, ఒక ఉమ్మడి నిధి ఏర్పాటు చేసుకుంది. చర్చి ఆస్తుల ఆదాయం అంతా ఒకే పెట్టెలో పడాలి. అందులోంచి ముసలివాళ్ళకీ రోగులకీ అనాథలకీ ఇవ్వాలి, బడి పంతులుకి జీతమివ్వాలి, చేతిపని చేసుకునేవాడికి పెట్టుబడి అప్పివ్వాలి. ఆ నిబంధనల పత్రానికి లూథర్ ముందుమాట రాశాడు. ఇంతవరకూ ఏ ధర్మసత్రమైనా చేసే పనే. నన్ను కదిలించింది పెట్టె తాళాలు. పెట్టెకి నాలుగు వేర్వేరు తాళాలు. ఒక తాళంచెవి జమీందారుల దగ్గర, ఒకటి నగర సభ దగ్గర, ఒకటి ఊళ్ళోని మామూలు జనం దగ్గర, నాలుగోది చుట్టుపక్కల పల్లెల రైతుల దగ్గర. నలుగురూ కలిస్తేనే మూత లేస్తుంది. నిధి చూసే పదిమందిలో ముగ్గురు పల్లె రైతులు. ప్రతి ఆదివారం కూర్చుని లెక్క చూసుకోవాలి.

ఆ పెట్టె ముందు రైతుని ఊహించుకుంటాను. రేపు వాన కురవకపోతే, ఎద్దు చస్తే, ఆ పెట్టెలోంచి పుచ్చుకోవలసినవాడు తనే కావచ్చు. అయినా ఇవాళ మొలలో తాళంచెవి దోపుకుని, జమీందారు పక్కన నిలబడి, ‘నాది తిప్పాను, మీది తిప్పండి’ అనగలడు. దానానికీ దీనికీ తేడా ఇక్కడుంది. దానం పుచ్చుకునేవాడు కృతజ్ఞత చెల్లించాలి. ఈ రైతు లెక్క అడగొచ్చు.

అందంగా ఉంది కదా అని మురిసిపోయే లోపే రెండు విషయాలు ఒప్పుకోవాలి. ఒకటి, నగర సభ ఆస్తులు అప్పగించనని మొరాయించడంతో లైస్నిగ్ పెట్టె మొదట్లోనే చిక్కుల్లో పడింది. రెండోది మరింత చేదు. రైతు చేతికి తాళంచెవి ఇచ్చిన పత్రానికి ముందుమాట రాసిన లూథరే, రెండేళ్ళకి, 1525లో రైతులు తిరగబడినప్పుడు, వాళ్ళని పిచ్చికుక్కల్లా నరికేయమని ప్రభువులకి రాశాడు. 1543లో యూదుల మీద ఆయన రాసిన రాతలు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన బల్ల దగ్గర ఎవరు కూర్చోవచ్చన్నదానికి గట్టి హద్దులుండేవి. లూథర్ పేరు తగిలించుకున్న కాలేజీ ఏదైనా ‘మాది అందరినీ కలుపుకునే కుటుంబం’ అన్నప్పుడు ఈ చరిత్రని పరుపు కింద దాచకూడదు. నిజం చెప్పాలంటే, వాటిలో చాలా కాలేజీలు దాచడం లేదు. అది వాటి పక్షాన చెప్పుకోవలసిన మాట.

మన పల్లెల్లో, పట్నాల్లో ‘వారాలు చేసుకుని’ చదువుకున్న తరం ఒకటుంది. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, ఇలా ఏడిళ్ళ అన్నంతో ఎందరో చదువులు పూర్తి చేశారు. అది గొప్ప ఏర్పాటు. దానికీ హద్దుంది, హద్దు పేరు కులం. ఏడిళ్ళలో ఒక్క గుమ్మం ముందైనా మాల, మాదిగ పిల్లవాడు ఆకు వేసుకుని కూర్చోలేకపోయాడు. ఆ పిల్లల్లో కొందరికి మొట్టమొదట పంక్తిలో కూర్చుని తినే చోటు దొరికింది మిషన్ బోర్డింగు బళ్ళలో. 1842 జూలై 31న హేయర్ అనే అమెరికన్ లూథరన్ మిషనరీ గుంటూరు చేరడంతో మొదలైన పని అది. ఆయన వెనక బళ్ళు వచ్చాయి, ఆసుపత్రి వచ్చింది, తర్వాత ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ వచ్చింది. ‘అన్నం కోసం మతం మార్చుకున్నారు’ అని ఇప్పటికీ ఎత్తిపొడిచేవాళ్ళున్నారు. అన్నం పెట్టకుండా మతాన్ని మాత్రం కాపాడుకున్నవాళ్ళు ఆ మాట అనడానికి కొంచెం సిగ్గుపడాలి. కాని ప్రశ్న మిగిలే ఉంది: కంచం పక్కన ప్రార్థన పుస్తకం ఉన్నప్పుడు, కంచం ఎంత స్వేచ్ఛగా ఇచ్చినట్టు?

దీనికి లూథర్ దగ్గరే ఒక జవాబుంది. ఆయన ఒప్పుకోని చోటికి మనల్ని తీసుకెళ్ళే జవాబు. 1520లో రాసిన ‘క్రైస్తవుడి స్వేచ్ఛ’లో ఆయన వాదం స్థూలంగా ఇది: మంచి పనులు చేసి దేవుడి దగ్గర పుణ్యం కూడబెట్టుకోలేం. దేవుడి దయ ఉచితం, ముందే వచ్చేసింది. మరి మంచి పనులెందుకు? పొరుగువాడి కోసం. అతనికి అవసరం కాబట్టి. అంతే. ఈ వాదాన్ని నేను చాలాసార్లు తిరగేసి చూశాను. ఇందులో సాయం చేసేవాడి పుణ్యం ఖాతా మూసేశారు. పుచ్చుకునేవాడు ఇక ఎవరి మోక్షానికీ మెట్టు కాదు. మనిషి మనిషిగా మిగులుతాడు. పుణ్యలోకాల లెక్కలతో అన్నదానాలు నడిచే దేశంలో పుట్టిన నాకు ఇది చల్లటి గాలిలా తగులుతుంది.

అయితే హేతువాది ఒక అడుగు ముందుకేసి అడుగుతాడు: మంచి పని పొరుగువాడి కోసమే అయినప్పుడు, మధ్యలో దేవుడెందుకు? గోరా అడిగిందీ ఇదే. గోరా అంటే గోపరాజు రామచంద్రరావు. నాస్తికత్వం కారణంగా కాకినాడ కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, అన్ని కులాలవాళ్ళనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు నడిపించాడు. దేవుడి పేరు లేకుండా కూడా పంక్తి వేయొచ్చని చూపించాడు. నేను గోరా వైపే. అయినా ఒక మాట అడగకుండా ఉండలేను. పంక్తి ఒక రోజు వేయడం వేరు, వందేళ్ళు వేయడం వేరు. ఎవరూ చూడని మంగళవారం సాయంత్రం కూడా ఎవరో ఒకరు వచ్చి గిన్నెలు కడగాలి. ఆ అలవాటుని తరతరాలు నిలబెట్టే శక్తి మతాలకి ఉన్నంతగా మనకి ఉందా? లూథరన్ కాలేజీల్లో ఇవాళ చదివేవాళ్ళలో లూథరన్లు కొద్దిమందే. చాపెల్‌లో గంట మోగుతుంది, వెళ్ళేవాళ్ళు వెళతారు. అమెరికాలోని లూథరన్ చర్చి శాఖల్లో ఒకదానికి చెందిన కాలేజీలన్నీ కలిసి 2018లో వెలువరించిన పత్రం ఒకటుంది. మా వేళ్ళు లూథరన్ మతంలో ఉన్నాయి, ఆ వేళ్ళే మమ్మల్ని ఇతరుల వైపు తెరిచి ఉంచుతాయన్నది దాని సారం. వేరు ఎండినా కొమ్మ పూస్తుందా అన్న ప్రయోగం అక్కడ జరుగుతోంది. ఫలితం ఇంకా తేలలేదు.

ఈ ప్రయోగం నాకు బాగా కనబడే చోటు మినియాపొలిస్‌లోని ఆగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం. 1869లో నార్వే నుంచి వచ్చినవాళ్ళు పెట్టింది. మొదట విస్కాన్సిన్‌లో ఉండేది, 1872లో ఈ నగరానికి వచ్చింది. చుట్టూ ఉన్న సీడర్-రివర్‌సైడ్ పేటలో ఒకప్పుడు స్కాండినేవియా కూలీలుండేవాళ్ళు. ఇప్పుడు సోమాలియా నుంచి వచ్చిన ముస్లింలు ఎక్కువ. కాలేజీ పేట వదిలి శివార్లకి పోలేదు. అక్కడి విద్యార్థులు వంటశాలల్లో మిగిలిన తిండిని పోగుచేసి, వండి, చుట్టుపక్కల పేదలతో కలిసి తినే వంటగది ఒకటి నడుపుతున్నారు. గరిటె పట్టుకున్న పిల్లల్లో కొందరి ఇళ్ళలోనూ నెలాఖరుకి డబ్బు ఉండదు. అక్కడ పెట్టేవాడెవడు, తినేవాడెవడు అన్న గీత పలచబడుతుంది.

ఆ కాలేజీలో ఇంకొకటి, 1997 నుంచి నడుస్తున్న ‘స్టెప్ అప్’. మద్యానికీ మాదకద్రవ్యాలకీ బానిసలై, చికిత్స తీసుకుని బయటపడ్డ విద్యార్థుల కోసం పెట్టింది. అమెరికా హాస్టల్లో శుక్రవారం రాత్రి ఎలా ఉంటుందో విన్నవాళ్ళకి దీని అవసరం చెప్పక్కర్లేదు. చికిత్స కేంద్రం నుంచి తిన్నగా ఆ సీసాల మధ్యకి తిరిగి వచ్చిన ఇరవయ్యేళ్ళవాడు ఎన్నాళ్ళు నిలబడతాడు? అందుకని వీళ్ళని ఒకే చోట, మందు ఊసు లేని వసతిలో ఉంచుతారు. తాగనని ఒప్పందం మీద సంతకం చేస్తారు. కౌన్సెలర్లు ఉన్నారు, వారం వారం కలుస్తారు. అయితే అసలు కాపలా పక్క గదివాడిది. వాడూ ఆ గోతిలోంచి పైకి వచ్చినవాడే. రాత్రి రెండింటికి చేతులు వణుకుతున్నప్పుడు తలుపు కొట్టాల్సింది డిగ్రీ ఉన్న నిపుణుడి తలుపు కాదు, నిరుడు ఇదే గదిలో ఇలాగే వణికినవాడి తలుపు.

ఈ పద్ధతి మూలం 1935లో ఓహాయోలోని ఏక్రన్ పట్నంలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళ సంఘం. దాని నియమాల్లో ఒకటి నాకు లైస్నిగ్ రైతుని గుర్తు చేస్తుంది: బయటివాళ్ళ డబ్బు తీసుకోకూడదు, సభ్యులు తలో చెయ్యీ వేసుకుని నడుపుకోవాలి. రోగే వైద్యుడు, రోగే కోశాధికారి. ఇందులోనూ నాస్తికుడికి ముల్లు గుచ్చుకుంటుంది. తమకంటే పెద్దదైన శక్తికి లోబడాలని ఆ సంఘం సభ్యులు పాటించే పన్నెండు మెట్లు చెబుతాయి. కొందరు ఆ శక్తి అంటే ఆ గదిలో కూర్చున్న పదిమందీ అని సర్దుకుంటారట. నాకది సర్దుబాటులా కాదు, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పడంలా వినిపిస్తుంది.

చిన్న కాలేజీలన్నీ ఘనంగా చెప్పుకునే మాట ఒకటుంది: ఇక్కడ నువ్వు అంకెవి కావు, నీ పేరు మాకు తెలుసు. వినడానికి హాయిగా ఉంటుంది. చిన్న ఊళ్ళో పెరిగినవాళ్ళెవరైనా దీని రెండో ముఖం చెప్పగలరు. పేరు తెలిసినవాళ్ళకి నువ్వు ఎక్కడికెళ్ళావో, ఎవరితో వెళ్ళావో కూడా తెలుస్తుంది. ఇప్పుడు చాలా కాలేజీల్లో రెండు క్లాసులు వరసగా ఎగ్గొడితే ప్రొఫెసర్ కంప్యూటర్లో ఒక హెచ్చరిక పెడతారు. అది సలహాదారుకి పోతుంది. ఆ సాయంత్రానికి ఎవరో వచ్చి గది తలుపు తడతారు. ‘ఏమ్మా, బాగానే ఉన్నావా?’ ఆ ఒక్క ప్రశ్న కొందరిని బతికించి ఉంటుంది, అందులో నాకు సందేహం లేదు. అదే ప్రశ్న మరొకరికి, ఆ రోజు కేవలం ఒంటరిగా పడుకుందామనుకున్నవాళ్ళకి, పోలీసు టార్చిలైటులా తగులుతుంది.

అమెరికా కాలేజీలు ఒకప్పుడు తల్లిదండ్రుల స్థానంలో నిలబడి పిల్లల్ని శాసించేవి. 1961లో అలబామా కేసు ఒకదానిలో వచ్చిన తీర్పు ఆ అధికారానికి గండి కొట్టింది. భోజనశాలలో తెల్లవాళ్ళతో సమానంగా వడ్డించమని కూర్చున్న నల్ల విద్యార్థుల్ని విచారణ లేకుండా కాలేజీ నుంచి వెళ్ళగొడితే, అది చెల్లదని ఆ తీర్పు చెప్పింది. ఇది మరిచిపోకూడని విషయం. కన్నవాళ్ళలా చూస్తామన్న పెద్దరికమే ఆ పిల్లల్ని గెంటేసింది. వాళ్ళకి కావలసింది వాత్సల్యం కాదు, హక్కు. 1974 చట్టం మరో అడుగు వేసింది. పద్దెనిమిది దాటిన విద్యార్థి మార్కులు, అతని అనుమతి లేకుండా, సాధారణంగా కన్నతండ్రికి కూడా చెప్పరు.

ఈ చివరి సంగతి మన ఇళ్ళలో కొందరికి మింగుడుపడదు. నాలుగెకరాలు తాకట్టు పెట్టి పంపించాను, వాడు పాసయ్యాడో లేదో నాకు చెప్పరా? తండ్రి బాధ అర్థమవుతుంది. అక్కడ కొడుకు బాధ అంతకంటే చిక్కు. మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఎమ్మెస్ చదివే తెలుగు కుర్రాడికి కౌన్సెలర్ గది ఎక్కడుందో తెలుసు, ఉచితమనీ తెలుసు, అయినా వెళ్ళడు. ‘నాకేమన్నా పిచ్చా?’ అంటాడు. అడగనిదే అమ్మైనా పెట్టదంటాం గాని, అడగడం అంటే ఓడిపోయానని ఒప్పుకోవడమే అని పెంచిన పిల్లవాడు ఎలా అడుగుతాడు? అతన్ని నిలబెట్టేది ఎక్కువసార్లు అతని అపార్ట్‌మెంటే. నలుగురు కలిసి ఉంటారు, వంటకి వంతులుంటాయి, గిన్నెలకి వంతులుంటాయి. పని పోయినవాడు ఈ నెల అద్దె వచ్చే నెలిస్తాడు. మంగళవారం సాంబారు వాడిదే కాబట్టి, మంచం మీంచి లేవబుద్ధి కాని రోజున కూడా లేస్తాడు. కౌన్సెలర్ చేయలేని పని ఆ సాంబారు చేస్తుంది, ఎందుకంటే అక్కడ అతను పుచ్చుకునేవాడు మాత్రమే కాదు. ఇంటిపేరూ ఊరూ అడిగి కులం లెక్క కట్టే తెలివి ఆ అపార్ట్‌మెంట్లలోకి కూడా విమానం ఎక్కి వెళ్ళిందన్నది వేరే విచారం.

ఉపద్రవం వచ్చినప్పుడు సముదాయం దానంతటదే తయారవుతుంది. 1998 మార్చి 29న మినెసోటాలో సెయింట్ పీటర్ పట్నం మీద సుడిగాలి విరుచుకుపడింది. స్వీడిష్ లూథరన్లు పెట్టిన గుస్టవస్ అడాల్ఫస్ కాలేజీలో చాపెల్ శిఖరం విరిగిపడింది, కిటికీల్లో 80 శాతం పగిలాయి, సుమారు రెండు వేల చెట్లు కూలాయి. సెలవులు కావడంతో పిల్లల్లో ఎక్కువమంది అక్కడ లేరు. వేలమంది వచ్చి గాజుముక్కలు ఏరారు, కొన్ని వారాల్లో క్లాసులు మొదలయ్యాయి. చెప్పుకోవలసిన కథే. కాని సుడిగాలి నాటి మంచితనాన్ని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. మన దగ్గర దివిసీమ ఉప్పెనప్పుడూ కులం అడగకుండా అన్నం పొట్లాలు పంచినవాళ్ళున్నారు. ఏడాది తిరిగేసరికి ఎవరి బావి వాళ్ళది.

మిషిగన్ రాష్ట్రంలో ఉత్తరాన, రాగి గనుల నేల మీద, హేంకాక్ అనే పట్నం ఉంది. ఫిన్లండ్ నుంచి గనుల్లో పనికి వచ్చినవాళ్ళు 1896లో అక్కడ సువోమి కాలేజీ పెట్టుకున్నారు. తర్వాత దాని పేరు ఫిన్లండియా విశ్వవిద్యాలయం అయింది. చివరి రోజుల్లో చదివేవాళ్ళు కొన్ని వందల మంది మాత్రమే. పేర్లు తెలిసిన చోటు, మంచు రోజున ఎవరి బండి ఆగిపోయినా నలుగురు వచ్చి తోసే చోటు. 2023 మార్చి 2న, వచ్చే విద్యా సంవత్సరానికి ఎవర్నీ చేర్చుకోబోమని ప్రకటించారు. అప్పులు, తగ్గిపోయిన పిల్లలు. 127 ఏళ్ళ కాలేజీ మూతపడింది. మిగిలిన విద్యార్థుల చదువు ముగించడానికి వేరే కాలేజీలతో ఒప్పందాలు కుదిర్చారు.

మూతపడటం పాపం కాదు. పిల్లలు తగ్గిన దేశంలో చిన్న కాలేజీలు మూతపడతాయి. 2018లో అలబామాలోని సెల్మాలో నల్లవారి లూథరన్ కాలేజీ మూతపడింది, 2020లో పోర్ట్‌లండ్‌లోని కన్‌కార్డియా అనే లూథరన్ విశ్వవిద్యాలయం మూతపడింది. నా తగవు వేరే. ఇలాంటి చోట్ల ఒక పిల్ల రెండు క్లాసులు ఎగ్గొడితే సాయంత్రానికి కాలేజీకి తెలుస్తుంది. కాలేజీ రెండు వాయిదాలు ఎగ్గొడితే ఆ పిల్లకి ఎప్పుడు తెలియాలి? ఆమె కుంగుబాటు, ఆమె అప్పు, ఆమె ఇంటి ఆదాయం, అన్నీ వాళ్ళ ఫైల్లో ఉంటాయి. వాళ్ళ అప్పు ఆమె చేతిలో ఉండదు. ఇద్దరిలో ఒకరే బట్టలు విప్పి నిలబడే చోటుని కుటుంబం అనలేం, ఆసుపత్రి అనొచ్చు. పాలకమండలిలో విద్యార్థి ప్రతినిధి ఒకరుంటే చాలదా అంటారు. లైస్నిగ్‌లో రైతుకి ఇచ్చింది కుర్చీ ఒక్కటే కాదు, అతను తిప్పకపోతే మూత లేవని తాళం.

అలా తాళం చేతికొచ్చినంత మాత్రాన ఫిన్లండియా బతికేదని నేననను. 2022 శరత్కాలంలో చేరిన అమ్మాయికి అక్కడ దక్కింది ఒక్క ఏడాది. చేరే రోజునే ఆ లెక్కల పుస్తకం ఆమె ముందు తెరిచి, ‘మా పరిస్థితి ఇదమ్మా, అయినా వస్తావా?’ అని అడిగి ఉంటే, బహుశా వచ్చేదే కాదు. లేదా, అన్నీ తెలిసే వచ్చేది, వచ్చి ఆ అప్పు గురించి ఆదివారం ఆదివారం వాళ్ళని నిలదీసేది.